కండెన్సర్‌కు రెండు నెలలకోసారి యాసిడ్: సున్నమేనా, ఇంకేమన్ననా?

పాశమైలారం_యుటిలిటీ
టోలుయీన్ రికవరీ కండెన్సర్ (టోలుయీన్ సాల్వెంట్ ఆవిరిని చల్లార్చి మళ్ళ ద్రవంగ పట్టేది) ఒకటి రెండు నెలలకోసారి మొరాయిస్తున్నది. షెల్ అండ్ ట్యూబ్, 40 చదరపు మీటర్లు. ట్యూబులల్ల కూలింగ్ టవర్ నీళ్ళు, షెల్‌ల వాక్యూమ్ మీద వచ్చే ఆవిరి, 60 డిగ్రీల దగ్గర కండెన్స్ అయితది. ట్యూబులు ఎస్ఎస్ 316ఎల్, ముప్పావు అంగుళం, 16 గేజి, 3 మీటర్ల పొడుగు, 224 ట్యూబులు, రెండు పాసులు (నీళ్ళు సగం ట్యూబులల్ల పోయి మిగిలిన సగంల తిరిగొస్తయి). కడిగిన కొత్తల నీళ్ళు 30 డిగ్రీలల్ల పోయి 38.7ల బయటికొస్తయి. రెండు నెలలు తిరిగేసరికి 35.8 దాటదు. మిగిలిన ఆవిరి వాక్యూమ్ పంపుకు పోతున్నది, బ్యాచ్ సాగుతున్నది. బోరు నీళ్ళ హార్డ్‌నెస్ 520 పీపీఎం, అందరు సున్నమే అంటున్నరు. ఇన్ని రోజులు సల్ఫామిక్ యాసిడ్ తిప్పినం. ఈసారి అగ్గువ అని 10% హైడ్రోక్లోరిక్ తిప్పుదమంటున్నరు మెయింటెనెన్సోళ్ళు. ఎంతసేపు తిప్పాలె?

ట్యూబ్‌షీట్
ఒక్క నిమిషం కూడా వద్దు. 316ఎల్ మీద హైడ్రోక్లోరిక్ పోస్తే గుంటలు పడతాయి. ట్యూబు, ట్యూబ్‌షీట్ (ట్యూబుల చివర్లు బిగించే పలక) కలిసే సందులో ఇరుక్కున్న క్లోరైడ్ ఎంత కడిగినా పూర్తిగా రాదు. తర్వాత వేడి తగిలినప్పుడు అక్కడే పగుళ్ళు మొదలవుతాయి. ఇన్‌హిబిటర్ కలుపుతాం అంటారు, అది కార్బన్ స్టీల్ అరగకుండా ఆపేది. స్టెయిన్‌లెస్‌లో క్లోరైడ్ గుంటల్ని ఆపదు.

ఉత్పత్తి_పక్షం
ఎండలు ఇలా ఉంటే ఏ కండెన్సర్ పనిచేస్తుంది? టవర్‌ని అనండి ముందు.

లాగ్‌షీట్
@ఉత్పత్తి_పక్షం నీళ్ళు 30లోనే వెళ్తున్నాయని ఆయన రాశాడు కదా, టవర్ తప్పేముంది? పైగా మన హైదరాబాద్ మే ఎండ పొడి ఎండ. టవర్ చూసేది తడి బల్బు ఉష్ణోగ్రతని, అంటే గాలిలో తేమని కూడా లెక్కలోకి తీసుకునేదాన్ని. అది జూన్, జులైలోనే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

ఉత్పత్తి_పక్షం
సరే, యుటిలిటీ వాళ్ళ తప్పు ఎప్పుడుంది గనక.

నీళ్ళ_లెక్క
యాసిడ్ సంగతి తర్వాత. ముందు నాలుగు విషయాలు చెప్పండి. ఫ్లో ఎంత, అంచనా కాదు, కొలిచింది? మేకప్ నీళ్ళు (టవర్‌లో తగ్గినదానికి బదులు పోసేవి) బోరు ఒక్కటేనా, ఇంకేమైనా కలుస్తున్నాయా? టవర్ నీటి పీహెచ్ ఇప్పుడెంత, ఏడాది క్రితం ఎంత? యాసిడ్ తిప్పినప్పుడు నురగ వచ్చిందా?

పాశమైలారం_యుటిలిటీ
ఫ్లో క్లాంప్ ఆన్ మీటరు పెట్టి చూసినం, గంటకు 40 ఘనపు మీటర్లు. కడిగిన తర్వాత, కడగక ముందు దాదాపు అంతే ఉంటది, అవుట్‌లెట్ వాల్వు తిప్పి 40కే పెడ్తం. మేకప్‌ల 60% బోరు, 40% ఎంఈఈ కండెన్సేట్ (వ్యర్థజలం మరగబెట్టే ఎవాపరేటర్ల ఆవిరి చల్లారితే వచ్చే నీళ్ళు). ట్యాంకర్లు బంద్ చేయడానికి పోయిన ఏడాది నుంచి కలుపుతున్నం. పీహెచ్ అప్పుడు 8.4 ఉండె, ఇప్పుడు 7.4. టవర్‌కు యాసిడ్ డోసింగ్ లేదు. సల్ఫామిక్ తిప్పినప్పుడు నురగ పెద్దగ రాలేదు, నీళ్ళు మాత్రం మట్టి రంగుల వచ్చినయి.

నీళ్ళ_లెక్క
నురగ లేదు, యాసిడ్ వెయ్యకుండానే పీహెచ్ ఒక అంకె దిగింది. ఇది సున్నం కథలా లేదు. పీహెచ్ 1 దిగితే లాంజిలియర్ సూచిక (నీటికి సున్నం పట్టే గుణం ఎంతో చెప్పే అంకె) మిగతావి మారకపోతే సరిగ్గా 1 దిగుతుంది. హార్డ్‌నెస్ 520 ఉన్నా సున్నం పట్టే గుణం బాగా తగ్గిపోయి ఉంటుంది.

లాగ్‌షీట్
మీ అంకెలతో లెక్క కట్టాను. కడిగిన కొత్తలో 40 × 8.7 × 1.163 = 405 కిలోవాట్లు. సగటు ఉష్ణోగ్రత తేడా, లాగ్ పద్ధతిలో, 25.4. అంటే యూ విలువ (ట్యూబు గోడ దాటి వేడి ఎంత బాగా పోతుందో చెప్పేది) చదరపు మీటరుకు, డిగ్రీకి దాదాపు 400 వాట్లు. మురికి పట్టాక 270 కిలోవాట్లు, తేడా 27, యూ 250. ఫౌలింగ్ నిరోధం = 1/250 − 1/400 = 0.0015. కూలింగ్ టవర్ శుద్ధి నీటికి టెమా (ఇలాంటి ఎక్స్‌చేంజర్ల తయారీదారుల సంఘం) పట్టికలో ఉండేది 0.00018 దరిదాపుల్లో. మీది దానికి ఎనిమిది రెట్లకు పైన.

ఇప్పుడు మందం. కాల్షియం కార్బొనేట్ ఉష్ణవాహకత 2.2 అనుకుంటే 3.3 మిల్లీమీటర్ల పొర ఉండాలి. పాచి జిగురు అయితే, అది దాదాపు నీరే కాబట్టి 0.6, 0.9 మిల్లీమీటర్లు చాలు.

ట్యూబ్‌షీట్
చిన్న సవరణ. మీ యూ ట్యూబు బయటి వైశాల్యం మీద కట్టింది, పొర ఉన్నది లోపల. బయట 19.05, లోపల 15.75 మిల్లీమీటర్లు. 0.0015ని ఆ నిష్పత్తిలో తగ్గిస్తే 0.00124 వస్తుంది. సున్నమైతే 2.7, జిగురైతే 0.75 మిల్లీమీటర్లు.

ఈ రెంటిలో ఏదో తేల్చడానికి కండెన్సర్ విప్పక్కర్లేదు, ప్రెషర్ డ్రాప్ చూస్తే చాలు. అదే ఫ్లోకి డ్రాప్ లోపలి వ్యాసం ఐదో ఘాతంతో మారుతుంది. 2.7 మిల్లీమీటర్ల సున్నం ఉంటే ట్యూబుల్లో రాపిడి ఎనిమిది రెట్లు కావాలి. 0.75 జిగురుకి 1.6 రెట్లు. జిగురు మెత్తగా ఊగుతూ ఉంటుంది గనక దాని మందానికి లెక్కగట్టిన దానికన్నా కాస్త ఎక్కువే చూపిస్తుంది.

పాశమైలారం_యుటిలిటీ
ఇన్‌లెట్, అవుట్‌లెట్ గేజీలు రెండూ 2 కిలోల దగ్గరే చూపిస్తున్నయి, తేడా ఏం కనపడ్తలేదు.

ట్యూబ్‌షీట్
కనపడదు. మీ వేగానికి మొత్తం డ్రాప్ 30 సెంటీమీటర్ల నీటి మట్టం అంత ఉంటుందేమో. 7 కిలోల గేజీలో అది ముల్లు మందం. రెండు గేజీ పాయింట్లకీ దారం అల్లిన పారదర్శక హోస్ కట్టి పైకి తలకిందులు యూ ఆకారంలో వేలాడదీయండి. పైన కాస్త గాలి ఉంచి క్లిప్పు బిగించండి. రెండు కాళ్ళలో నీటి మట్టాల తేడా టేపు పెట్టి కొలవడమే. హోస్ ప్రెషర్ రేటింగ్ చూసుకోండి.

గాస్కెట్_గిరి
లక్షల పెట్టి డీసీఎస్ (కంప్యూటర్ కంట్రోల్) పెట్టుకున్నది హోస్ పైపు వేలాడదీయడానికన్నమాట 😀

జీడిమెట్ల_జెట్
కొలిచేముందు ఇంకోటి చూడు తమ్మీ. వాక్యూమ్ లైన్ల గాలి లీకు ఉన్నా అచ్చం గిట్లనే కనపడ్తది. షెల్‌ల గాలి పేరుకుంటే ఆవిరి ట్యూబు దాక రాదు. రిసీవర్‌కు పోయే టోలుయీన్ టెంపరేచరు చూడు, ఆ ప్రెషర్‌కు ఉండాల్సిన మరుగు స్థానం కంటే మస్తు తక్కువ ఉంటే గాలి మీద అనుమానం పెట్టుకో. వాల్వులు మూసి లీక్ టెస్టు చెయ్.

నీళ్ళ_లెక్క
మంచి మాట. కానీ కడగ్గానే బాగవుతోంది గదా, గాలి లీకైతే కడిగినా అలాగే ఉండాలి.

జీడిమెట్ల_జెట్
కడిగేటప్పుడు కవర్లు, గాస్కెట్లు అన్ని మారుస్తరు. దాంతోని బాగైందేమో, ఎవనికి ఎర్క?

పాశమైలారం_యుటిలిటీ
లీక్ టెస్టు బానే ఉన్నది. పక్కన అదే డ్రాయింగ్‌తోని ఇంకో కండెన్సర్ ఉన్నది, మొన్ననే కడిగింది. రెంటికి హోస్ కట్టి అదే 40 ఫ్లోల చూసినం. కడిగినదానికి 30 సెంటీమీటర్లు, దీనికి 48.

లాగ్‌షీట్
1.6 రెట్లు. సున్నం కాదు.

ఉత్పత్తి_పక్షం
హోస్ పైపుకి ప్రమోషన్ ఇవ్వండి.

నీళ్ళ_లెక్క
ఇప్పుడు అసలు దోషి దగ్గరికి. ఎంఈఈ కండెన్సేట్‌లో అమోనియా నైట్రోజన్ ఎంత? ఈటీపీ (వ్యర్థజల శుద్ధి) ల్యాబులో నెస్లర్ రసాయనం పెట్టి చూస్తారు. సీఓడీ (నీటిలోని సేంద్రియ మురికికి కొలత) కూడా.

పాశమైలారం_యుటిలిటీ
అమోనియా నైట్రోజన్ 18 పీపీఎం. సీఓడీ 250 నుంచి 400 మధ్యల. హైపో (సోడియం హైపోక్లోరైట్) రోజూ పోస్తున్నం కాని ఫ్రీ క్లోరిన్ ఎప్పుడు చూసినా సున్నా.

నీళ్ళ_లెక్క
అన్నీ కలిశాయి. సీఓడీ సూక్ష్మజీవులకి తిండి, అమోనియా కూడా తిండే. నైట్రిఫై చేసే బాక్టీరియా అమోనియాని నైట్రేట్‌గా మారుస్తూ ఆమ్లం వదులుతుంది. ప్రతి 1 మిల్లీగ్రాము నైట్రోజన్‌కి 7.1 మిల్లీగ్రాముల ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే గుణం) ఖర్చవుతుంది. మీ పీహెచ్ దిగింది అందుకే. మీరు పోసే హైపో అమోనియాతో కలిసి క్లోరమైన్ అయిపోతోంది, ఫ్రీ క్లోరిన్ సున్నా రాక ఏం వస్తుంది?

హైపో పెంచుదాం అంటారు, ఆ లెక్క కూడా చూడండి. టవర్ మొత్తం సర్క్యులేషన్ ఎంతో మీరు చెప్పలేదు. గంటకి 300 ఘనపు మీటర్లు, రేంజి (టవర్‌లో నీళ్ళు చల్లబడేది) 5 డిగ్రీలు, సాంద్రీకరణ 4 సైకిళ్ళు (టవర్ నీటిలో ఉప్పులు మేకప్‌కి 4 రెట్లు) అనుకుంటున్నా. ఆవిరయ్యేది 0.00153 × 300 × 5 = గంటకి 2.3. బ్లోడౌన్ (ఉప్పులు పెరగకుండా వదిలేసే నీళ్ళు) 2.3/3 = 0.77. మేకప్ 3.1, అందులో కండెన్సేట్ 1.2. రోజుకి లోపలికొచ్చే నైట్రోజన్ దాదాపు అర కిలో. బ్రేక్‌పాయింట్ (అమోనియా అయిపోయి ఫ్రీ క్లోరిన్ మిగలడం మొదలయ్యే చోటు) దాటాలంటే కాగితం మీద 7.6 రెట్లు, ఫీల్డులో 10 రెట్లు క్లోరిన్ కావాలి. అంటే రోజుకి 5 కిలోల పైన క్లోరిన్, 10% హైపో అయితే 50 కిలోల పైమాటే. అది కూడా డబ్బా తాజాగా ఉంటే. ఎండలో రేకుల షెడ్డు కింద పెట్టిన హైపో బలం రోజురోజుకీ పడిపోతుంది. ఆ క్లోరిన్ అంతా చివరికి క్లోరైడే. మీ బ్లోడౌన్‌లో దగ్గర దగ్గర 280 పీపీఎం అదనంగా చేరుతుంది. యాసిడ్‌లో వద్దన్న క్లోరైడ్‌ని టవర్‌లో రోజూ పోసినట్టే.

ట్యూబ్‌షీట్
క్లోరమైన్‌ని మరీ తీసిపారేయకండి. చంపడంలో బలహీనమే, కానీ ఫ్రీ క్లోరిన్‌లా జిగురు పైపొరలోనే ఖర్చైపోదు, లోపలికి దిగుతుంది.

నీళ్ళ_లెక్క
దిగుతుంది, ఒప్పుకుంటా. తిండి ఆపకుండా దాన్ని మాత్రమే నమ్ముకుంటే ఇప్పుడున్న స్థితే. రెండు నెలలు.

గ్లాస్‌లైన్
మధ్యలో దూరుతున్నా. మాకు గ్లాస్‌లైన్డ్ (లోపల గాజు పూత ఉన్న) రియాక్టర్ జాకెట్ పట్టేసింది, వేడెక్కడానికి మామూలు కన్నా డబుల్ టైము. జాకెట్ కార్బన్ స్టీలే కదా, దాంట్లో హైడ్రోక్లోరిక్ తిప్పొచ్చా?

ట్యూబ్‌షీట్
@గ్లాస్‌లైన్ దానిక్కూడా వద్దు, కారణం వేరు. యాసిడ్ స్టీలుని తిన్నప్పుడు పుట్టే హైడ్రోజన్ పరమాణువులు స్టీలు గోడలోంచి ఇటువైపు గాజు దాకా చేరతాయి. గాజుకీ స్టీలుకీ మధ్య పోగై గాజుని పొలుసులుగా లేపేస్తాయి. వెంటనే కాకుండా కొన్ని రోజుల తర్వాత కూడా ఊడొచ్చు. రియాక్టర్ తయారీదారు మాన్యువల్‌లో జాకెట్ క్లీనింగ్‌కి ఏది ఒప్పుకున్నారో అదే వాడండి. ముందు జాకెట్ కింది డ్రెయిన్ తీసి ఎంత బురద వస్తుందో చూడండి. చాలాసార్లు అడ్డం అక్కడే. ఎజిటేటింగ్ నాజిల్స్ (జాకెట్‌లో నీళ్ళని సుడి తిప్పేవి) మూసుకుపోయాయా అన్నది కూడా.

గ్లాస్‌లైన్
బతికించారు. రేపే అనుకున్నారు మావాళ్ళు.

జీడిమెట్ల_జెట్
@పాశమైలారం_యుటిలిటీ జిగురే అని తేలింది గాబట్టి, విప్పినంక జర గిట్ల చెయ్. కవర్లు విప్పి పొద్దుగాల దాక వదలకు. జిగురు తడిగ ఉన్నప్పుడు వేలితోని వస్తది, ఎండితే అట్ట కడ్తది, అప్పుడు 700 బార్ జెట్ పెట్టాల్సొస్తది. తడి మీద అయితే నైలాన్ బ్రష్షు, నీళ్ళ గన్ను చాలు. 15.75 లోపలి వ్యాసానికి 16.5 బ్రష్షు తీస్కో. ఇనుప తీగ బ్రష్షు స్టెయిన్‌లెస్‌ల పెట్టకు, ఇనుప రవ్వలు అంటుకుని తుప్పు మొదలైతది. కింది వరస ట్యూబులల్ల బురద వేరే ఉంటది, అవి రెండుసార్లు కొట్టు. కడిగినంక నీళ్ళు నింపి వారం పడెయ్యకు. లైన్ల పెట్టు, లేకుంటే పూర్తిగ వంపి గాలి కొట్టి ఆరబెట్టు. నిలవ నీళ్ళల్ల బాక్టీరియా ట్యూబుకు పొక్కలు చేస్తది.

లాగ్‌షీట్
విప్పినప్పుడు రెండు శాంపిళ్ళు తీసి ల్యాబుకివ్వండి. 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, 550 దగ్గర కాలిస్తే తగ్గే బరువు సేంద్రియం. ఆపైన 950 దాకా కాలిస్తే తగ్గేది ప్రధానంగా కార్బొనేట్‌లోని కార్బన్ డయాక్సైడ్. అక్కడికక్కడ తెలుసుకోవాలంటే రెండు చుక్కలు పలచని యాసిడ్, బుసబుసమంటే కార్బొనేట్. కుళ్ళిన గుడ్డు వాసనొస్తే ఇనుప సల్ఫైడ్. అయస్కాంతానికి అంటుకుంటే తుప్పు. ఏ యాసిడ్‌కీ కదలకుండా గాజులా ఉంటే సిలికా, దాన్ని ఇంట్లో ముట్టుకోకండి. అమోనియం బైఫ్లోరైడ్ అని ఎవరైనా అమ్మజూపితే అసలు వద్దు, హైడ్రోఫ్లోరిక్ పుడుతుంది.

బోరుబావి
మాకు నిజంగానే సున్నం. రెండు వందల ట్యూబులకి సల్ఫామిక్ ఎంత పట్టొచ్చు?

నీళ్ళ_లెక్క
@బోరుబావి కిలో కాల్షియం కార్బొనేట్‌కి కిలో 940 గ్రాముల సల్ఫామిక్. పై కండెన్సర్ సైజుకి, 33 చదరపు మీటర్ల లోపలి వైశాల్యం మీద 1 మిల్లీమీటరు ఉందనుకుంటే దాదాపు 75 కిలోల సున్నం, 150 కిలోల యాసిడ్. ఒకేసారి పొయ్యకండి. వెయ్యి లీటర్ల ట్యాంకులో 6%తో మొదలుపెట్టి 3%కి దిగినప్పుడల్లా కలపండి. 10 మిల్లీలీటర్ల శాంపిలు తీసి 1 నార్మల్ కాస్టిక్‌తో ఫినాఫ్తలీన్ రంగొచ్చే దాకా పోస్తే, ఖర్చైన మిల్లీలీటర్లే దాదాపు యాసిడ్ శాతం. అరగంటకోసారి చూడండి, మూడుసార్లు వరసగా అదే అంకె వస్తే పని అయింది. 60 డిగ్రీలు దాటనివ్వకండి, సల్ఫామిక్ విడిపోయి సల్ఫేట్ పుడుతుంది, కాల్షియం సల్ఫేట్ మళ్ళీ అక్కడే కూర్చుంటుంది. సల్ఫ్యూరిక్ వాడొద్దనేదీ ఇందుకే. యాసిడ్ కింది నుంచి పైకి తిప్పండి, పైన వెంట్ తెరిచి ఉంచండి. 75 కిలోల సున్నం 18 ఘనపు మీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. మూసిన గదిలో ట్యాంకు పక్కన మనిషిని నిలబెట్టకండి. తర్వాత 1% సోడా యాష్, ఆపైన పీహెచ్ మామూలయ్యే దాకా నీళ్ళు. ఆ నీళ్ళు ఈటీపీకే, వాన కాలవలోకి కాదు.

గాస్కెట్_గిరి
ఇవన్నీ ఎందుకు, పైపుకి అయస్కాంతం కడితే సున్నం రాదంటూ బ్రోషర్ తెచ్చాడొకాయన.

లాగ్‌షీట్
డబ్బులు ఆర్నెల్ల తర్వాత, యూ విలువ చూశాక ఇస్తామని చెప్పండి. మళ్ళీ వస్తే ఇక్కడ రాయండి.

ట్యూబ్‌షీట్
జిగురుకి తిండి సంగతి నీళ్ళ_లెక్క గారు చెప్పారు. చోటు సంగతి మిగిలింది. రెండు పాసుల్లో ఒక్కో పాసుకి 112 ట్యూబులు, 40 ఫ్లోకి వేగం సెకనుకి 0.51 మీటరు. టవర్ నీటికి 1 కన్నా తగ్గితే బురద, జిగురు రెండూ హాయిగా కూర్చుంటాయి. అసలు ఈ రోగం డిజైన్ టేబుల్ మీదే మొదలవుతుంది. 'మన నీళ్ళు గట్టివి' అని ఫౌలింగ్ ఫ్యాక్టర్ పెంచుతారు, వైశాల్యం పెరుగుతుంది, ట్యూబులు పెరుగుతాయి, వేగం పడిపోతుంది, అనుకున్న మురికి నిజంగానే వచ్చి కూర్చుంటుంది. ఆపైన ఆపరేటర్ కొత్తలో మరీ చల్లగా ఉందని నీటి వాల్వు పిండేస్తాడు. మీ అవుట్‌లెట్ వాల్వు ఎందుకు 40కే పెడుతున్నారు?

పాశమైలారం_యుటిలిటీ
పంపు ఆంపియర్లు పెరుగుతయని. వేరే కండెన్సర్లకు నీళ్ళు తక్కువైతయని కూడ.

ట్యూబ్‌షీట్
రెండు దారులు. ఒకటి, ఛానెల్ (ట్యూబుల చివర నీళ్ళని పాసులుగా పంచే పెట్టె) మార్చి నాలుగు పాసులు చెయ్యడం. వేగం 1.02 అవుతుంది. డ్రాప్ ఏడెనిమిది రెట్లు, అంటే 30 సెంటీమీటర్లు రెండు రెండున్నర మీటర్లు, మీ హెడర్‌కి పెద్ద భారం కాదు. ట్యూబ్‌షీట్ మీద కొత్త పార్టిషన్ ప్లేటు కూర్చునే చోట ఖాళీ వరస ఉండాలి, లేకపోతే కొన్ని ట్యూబులు ప్లగ్ చెయ్యాలి. ముందు డ్రాయింగ్ చూడండి.

లాగ్‌షీట్
రెండోది బూస్టర్ పంపు అనుకుంటా. అవుట్‌లెట్ నుంచి 40 వెనక్కి తెచ్చి ఇన్‌లెట్‌లో కలిపితే ట్యూబుల్లో 80 తిరుగుతుంది. ఇన్‌లెట్ 30 బదులు 34.7 అవుతుంది గదా, తేడా పోదా?

ట్యూబ్‌షీట్
కొంత పోతుంది. వేగం వల్ల యూ 400 నుంచి 480కి పెరిగిందనుకుని కట్టండి, 435 దగ్గర్లో వస్తుంది. మునుపటి 405 కన్నా మెరుగే. కరెంటు ఖర్చు మాత్రం ప్రతి గంటా ఉంటుంది. ఛానెల్ ఖర్చు ఒక్కసారి.

ఉత్పత్తి_పక్షం
ఛానెల్ తయారయ్యే దాకా నా బ్యాచ్ సంగతేంటి?

నీళ్ళ_లెక్క
ఆ లోగా ఇలా. కండెన్సేట్ టవర్‌కి ఆపండి. బోరు ఒక్కటే అయితే పీహెచ్ మళ్ళీ 8.4కి పోతుంది, అప్పుడు సున్నం నిజంగానే వస్తుంది, కాబట్టి సైకిళ్ళు తగ్గించి పీబీటీసీ (క్లోరిన్‌ని తట్టుకునే ఫాస్ఫోనేట్), పాలిమర్ ఉన్న యాంటీస్కేలెంట్ (సున్నం పట్టకుండా ఆపే మందు) పెట్టండి. హెచ్ఈడీపీ (ఇంకో ఫాస్ఫోనేట్) ఒక్కటే ఉన్నది క్లోరిన్‌కి విరిగిపోతుంది. పీహెచ్ 8.4లో హైపో కూడా చాలావరకు నిద్రపోతుంది, సోడియం బ్రోమైడ్ కలిపి పోస్తే పనిచేస్తుంది. వారానికోసారి బ్లోడౌన్ మూసి డీబీఎన్‌పీఏ (సూక్ష్మజీవుల్ని చంపే మందు) షాక్, దానికి ముందు బయోడిస్పర్సెంట్ (జిగురుని విడగొట్టేది). గ్లూటరాల్డిహైడ్ (అలాంటిదే ఇంకో మందు) అమ్మజూపితే, అమోనియా పూర్తిగా పోయే దాకా తీసుకోకండి, రెండూ ఒకదాన్నొకటి ఖర్చు చేసుకుంటాయి.

కండెన్సేట్ మళ్ళీ వాడాలంటే ఎంఈఈ ఫీడ్ పీహెచ్ 5.5 దగ్గరికి తెచ్చి చూడండి. అమోనియా ఉప్పుగా మారి అడుగునే ఉండిపోతుంది. మీ వ్యర్థంలో అసిటిక్ ఉంటే ఆ పీహెచ్‌లో అది పైకొస్తుంది, సీఓడీ పెరుగుతుంది. ముందు ల్యాబులో లీటరు ఫ్లాస్కులో డిస్టిల్ చేసి రెండూ కొలిచి చూడండి, ప్లాంటులో ప్రయోగం వద్దు.

పాశమైలారం_యుటిలిటీ
నిన్న విప్పినం. గోధుమ రంగు జిగురు, ట్యూబు పొడుగంత. కింది రెండు వరసలల్ల బురద. యాసిడ్ చుక్క వేస్తే బుస లేదు. 550ల 61% పోయింది, 950 దాక ఇంకో 4%. బ్రష్షుతోని ఒక షిఫ్టుల అయిపోయింది, యాసిడ్ తియ్యలేదు. కండెన్సేట్ టవర్‌కు బంద్ పెట్టినం. డ్రాయింగ్‌ల పార్టిషన్‌కు ఖాళీ వరస లేదు, 12 ట్యూబులు ప్లగ్ చెయ్యాలంట.

ట్యూబ్‌షీట్
224లో 12 అంటే 5.4% వైశాల్యం. పోనివ్వండి, వేగం ఇంకాస్త పెరిగి 1.08 అవుతుంది. పార్టిషన్ గాస్కెట్ బిగించేటప్పుడు ప్లేటు అంచు, ట్యూబ్‌షీట్ గాడి రెండూ చూసుకోండి. అక్కడ నీళ్ళు పాసు దాటి అడ్డంగా పోతే మళ్ళీ ఫౌలింగ్ అనే అనుకుంటారు.

నీళ్ళ_లెక్క
షాక్ వేసిన రోజు బ్లోడౌన్ ఈటీపీ ఏరేషన్ ట్యాంకుకి నేరుగా వదలకండి, అక్కడి బాక్టీరియా మనకి కావాలి. ఒక రోజు నిలవ ఉంచి పంపండి.

ఉత్పత్తి_పక్షం
ఆ హోస్ పైపు మాత్రం తియ్యకండి, మా కండెన్సర్లక్కూడా కడదాం. టేపు ఎవరి దగ్గరుంది?